ఇంటి దగ్గర మిగిలిన పిల్లలు

(ఏటపల్లిలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పూట పంచాంగశ్రవణము, పద్యాలు, పచ్చడి ఉండవలసినచోట ఒక రైల్వే గుమాస్తాను నిలబెట్టి మాట్లాడమన్నారు. మేము మెట్రిక్కుతో చదువు ఆపినవాళ్ళము. ఖలాసీగా చేరి, పరీక్ష వ్రాసి, గుమాస్తా అయినాము. బండి ఎప్పుడు వచ్చును, ఎప్పుడు పోవును అన్నదే మాకు వచ్చిన విద్య. అందుచేత ఈ పూట రాకపోకల సంగతే మాట్లాడుతాము. బండ్ల రాకపోకలు కావు, తల్లిదండ్రులవి.

మనలో చాలమంది పెద్దలు చెన్నూరు, మంథని, మహదేవపురం వైపుల నుండి నది దాటి వచ్చి ఈ అడవిసీమలో నిలిచినవారు. ఒకరు టేకు కూపులలో లెక్కలు వ్రాయుటకు వచ్చినారు. ఒకరు కిరాణాకొట్టు పెట్టినారు. ఒకరు మిషను కుట్టినారు. మన ఇంట తెలుగు, బజారున మరాఠీ, సంతలో మాడియా. వలస మనకు కొత్త కాదు. అయితే ఆ కథను మనము పెద్దల కథగానే చెప్పుకొంటాము: ఎవరు ముందు వచ్చినారు, ఎంత కష్టపడినారు, ఏ సంవత్సరము ఇల్లు కట్టినారు అని. వచ్చేటప్పుడు వెనుక ఎవరిని వదిలి వచ్చినారో, ఆ వదిలినవాళ్ళు ఎన్నేండ్ల పిల్లలో ఏ ఇంటి కథలోను మేము వినలేదు. మా తాతగారి కథలో కూడ లేదు.

సంక్రాంతి వెళ్ళగానే సిరొంచ, అహేరి, ఏటపల్లి, భామ్రాగఢ్ తాలూకాల పల్లెల నుండి కూలీలు మిరపకాయ ఏరుటకు ములుగు, ఖమ్మం, భద్రాచలం వైపు పోవుట మీరందరు ఎరిగినదే. జీపులు, ట్రాక్టర్లు, లారీలు తెల్లవారకముందే వచ్చి నిలుచును. పల్లెలో ముసలివారు, పశువులు, బడిపిల్లలు మిగులుతారు. ఉగాది వేళకు ఎండుమిరప సంచులతో తిరిగి వచ్చి ఇప్పపువ్వు పని, తునికాకు పని అందుకొంటారు. మన తెలుగువారిలోను ఈ ఏరుడుకు పోయేవారున్నారు. నౌకరీల పేర బల్లార్షా, చంద్రపూరు, నాగపూరు, హైదరాబాదు పోయి పిల్లలను ఇక్కడ ముసలివారి దగ్గర ఉంచినవారు మరికొందరు. మేము ఈ రెండవ తెగవాళ్ళము.

2018 జూనులో మా ఇంటామెకు జబ్బు చేసినది. నాగపూరులో నెలల తరబడి వైద్యము. మాకు బల్లార్షాలో డ్యూటీ. ఆరేండ్ల పిల్లవాడిని ఇక్కడ మా అమ్మ దగ్గర వదిలినాము. నాలుగు నెలలనుకొన్నది రెండేండ్లయినది. వదిలిన తీరు చెప్పుకొనుటకు సిగ్గు. కోడి కూయకముందు, వాడు నిద్రలో ఉండగా, చెప్పులు చేత పట్టుకొని ఇంట్లోనుండి బయటపడినాము. "నిద్రల ఉన్నప్పుడే పోండ్రి, లేస్తే పోనియ్యడు" అని పెద్దలందరు చెప్పిన సలహాయే అది. ఈ సభలో ఎందరు ఆ సలహా ఇచ్చినారో, ఎందరు పాటించినారో మేము అడుగము.

మర్నాడు ఫోను చేసి, ఏడ్చినాడా అని అడిగినాము. "ఏడ్వలే. బుద్ధిమంతుడు" అన్నది అమ్మ. ఇరుగుపొరుగు మెచ్చుకొన్నారు. మేమును మురిసిపోయినాము. రాత్రిపూట వాడు బాపమ్మ కొంగును తన మణికట్టుకు ముడివేసుకొని పడుకొంటాడని ఏడాది గడిచిన తరువాత కాని మాకు తెలియలేదు. మాకు బెంగ కలుగునని అమ్మ దాచినది. బాపమ్మకు బెంగ కలుగునని వాడు పగలు నవ్వినాడు. వాడికి బెంగ కలుగునని మేము ఫోనులో తల్లి జబ్బు మాట ఎత్తలేదు. అందరము ప్రేమతోనే దాచినాము. వాడికి మాత్రము ఏమి తెలిసినది? ఒకనాడు లేచేసరికి అమ్మా బాపు లేరని, ఎందుకో ఎవరూ చెప్పరని తెలిసినది.

ఏడ్వని పిల్లల సంగతి లోకానికి అర్థమగుటకే చాలకాలము పట్టినది. లండనులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనునాయన 1952లో ఒక చలనచిత్రము చూపించినాడు. రెండేండ్ల పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో అమ్మ లేకుండ ఉండుట, అంతే కథ. ఆ కాలమున అక్కడి ఆసుపత్రులలో తల్లిదండ్రులను పిల్లల మంచము దగ్గరకు ఇష్టము వచ్చినట్లు రానిచ్చేవారు కారు. వారు వచ్చి పోతే పిల్లలు ఏడుస్తారు, రాకుంటే నెమ్మదిగా ఉంటారు అని అక్కడివారి వాదన. రాబర్ట్‌సన్, ఆయనతో పనిచేసిన జాన్ బౌల్బీ అను వైద్యుడు దానికి ఎదురుచెప్పినారు. పసిపిల్ల మొదట ఏడ్చి పోరాడును, పిమ్మట దిగాలు పడును, ఆపైన ముఖము తిప్పుకొనును. ఈ మూడవ దశను చూచి పెద్దలు "సర్దుకొన్నది" అనుకొంటారు, అని వారి మాట. 1959లో ప్లాట్ కమిటీ అనునది పిల్లల వార్డులలోనికి తల్లిదండ్రులను వేళల నిర్బంధము లేకుండ రానియ్యవలెనని ఇంగ్లండు ప్రభుత్వమునకు సిఫారసు చేసినది. దొరల దేశములో కమిటీ వేసి తెలుసుకొన్న ఈ సంగతి మా అమ్మకు కమిటీ లేకుండనే తెలుసును. అయితే ఆమె మాకు చెప్పలేదు, అదే చిక్కు.

ఇంకొక సంగతి ఉన్నది. మా వాడు రోజూ సాయంత్రము ఐదు గంటలకు ఆలాపల్లి బస్సు వచ్చే వేళకు స్టాండుకు పోయేవాడట. ఒక బంధువు చూచి మాకు ఫోనులో చెప్పినాడు. మేము అమ్మ మీద కోప్పడినాము. "పోనియ్యి బిడ్డా. బస్సు జూసి అస్తడు. చూడకుంటే అన్నం తినడు" అన్నది. మొదట అది ఎదురుచూపే. అందులో అనుమానము లేదు. కాని పోగా పోగా వాడికి అక్కడ ఒక ఉద్యోగము దొరికినది. పత్రికల కట్ట దింపితే దుకాణానికి చేరవేసేవాడు. బాపమ్మ బీపీ మాత్రలు ఆలాపల్లి నుండి తెప్పించుటకు చీటీ, డబ్బులు కండక్టరు చేతికి ఇచ్చి, మర్నాడు మందు, చిల్లర లెక్కచూచుకొని తెచ్చేవాడు. మరాఠీ నేర్చినాడు. సంతకు వచ్చిన ముసలమ్మలతో నాలుగు మాడియా మాటలు మాట్లాడేవాడు. ఆ ఎస్టీ బస్సు కండక్టరు ఎట్టివాడంటే, సెలవు పెట్టదలచుకొన్నప్పుడు మా వాడితో ముందే చెప్పేవాడట: "రేపు నేను రాను, ఎల్లుండి కూడ రాను, ఆవలెల్లుండి వస్తాను" అని. చెప్పినట్లే వచ్చేవాడు. తండ్రి చెప్పవలసిన మాట పరాయివాడు చెప్పినాడు.

ఇక 2020 సంవత్సరము. శార్వరి ఉగాది మార్చి 25న వచ్చినది. ఆ పండుగకు వస్తామని మేము మాట ఇచ్చి ఉంటిమి. మార్చి 22 రాత్రి నుండి ప్రయాణీకుల రైళ్ళు ఆగినవి. ఎస్టీ బస్సులు ఆగినవి. సరిగ్గా ఉగాదినాడే దేశమంతా తలుపులు పడినవి. మాకు గూడ్సు బండ్ల డ్యూటీ ఉన్నది, ఇల్లు కదలుటకు లేదు. మా వాడు ఐదు గంటలకు స్టాండుకు పోయి, ఖాళీ రోడ్డు చూచి తిరిగి వచ్చి, బాపమ్మతో ఏమన్నాడంటే, "బాపు రాకపోవుడు గాదు, బస్సే అస్తలేదు. ఎవ్వల బాపు గూడ వస్తలేడు" అన్నాడట. ఆ రాత్రి అన్నము అడిగి తిన్నాడట. అమ్మ ఇది చెప్పినప్పుడు మేము నవ్వినాము. తరువాత నిద్ర పట్టలేదు. రెండేండ్లలో మొదటిసారి వాడికి మేము రాకపోవుటకు కారణము తెలిసినది. ఆ కారణము దేశానికే కష్టము తెచ్చినదైనా వాడికి ఊరట అయినది.

మన పురాణాలలో కన్నతల్లి దూరమైన పిల్లలకు కొదువ లేదు. కర్ణుని చూడండి. రాధ పెంపకములో ప్రేమకు లోటు లేదు. ఆమె పేరునే అతడు రాధేయుడైనాడు. ఆ ఇంట పెరిగి దాత అయినాడు, వీరుడైనాడు. పెంచిన చేతులు ఎంత బలమిచ్చునో అందులోనే ఉన్నది. అతనిని కాల్చినది వేరు. కుంతి చెప్పవలసిన మాటను యుద్ధము ముంగిటకు వచ్చిన తరువాత కాని చెప్పలేదు. మేము పండితులము కాము, ఇది మా గుమాస్తా బుద్ధికి తోచిన అర్థము. తప్పయితే పెద్దలు దిద్దవలెను.

ఆ ఉగాదికే మా అమ్మ ఇంటి పక్క వాడలో ఇంకొక ఇల్లు ఎదురుచూచినది. పన్నెండేండ్ల పిల్ల, దాని కింద ఒక చెల్లె, ఒక తమ్ముడు, చూపు ఆనని ముసలమ్మ. తల్లిదండ్రులు మిరప ఏరుడుకు పోయి నది ఆవల చిక్కుబడినారు. పోయేటప్పుడు ఉగాదివరకు సరిపడ బియ్యము పోసి పోయినారు. ఆ పిల్ల రోజూ కుండలో పోసే బియ్యములోనుండి పిడికెడు తీసి ఇంకొక డబ్బాలో వేసేది. ముసలమ్మ నేర్పిన పద్ధతి. ఉగాది దాటినా వాళ్ళు రాలేదు. ఆ డబ్బా తెరిచినారు. రేషను, ఇరుగుపొరుగు సాయము వచ్చేదాక ఆ పిడికెళ్ళే నలుగురి కడుపు నింపినవి. తమ్ముడు అమ్మ కొరకు ఏడిస్తే, "మిరపకాయ ఇంక చెట్టుమీదనే ఉన్నదట, అది ఎండినంక వస్తది" అని ఏదో ఒకటి చెప్పేదట. దానికి ఎవరు చెప్పేవారు?

పిల్లలను వెంట తీసుకొనిపోతే సరిపోవును కదా అనువారున్నారు. అదే సంవత్సరము ఏప్రిల్ 18న, మనకు ఇంద్రావతి ఆవలనున్న బీజాపూరు జిల్లా బాలిక ఒకతె, అదీ పన్నెండేండ్లదే, ములుగు జిల్లా మిరపతోటల నుండి తోటి కూలీలతో అడవిదారిన మూడు రోజులు నడచి, ఇల్లు ఇంక కొద్ది దూరముండగా ప్రాణము విడిచినది. అప్పట్లో పత్రికలన్నియు వ్రాసినవి. కాబట్టి తీసుకొనిపోవుటయే మేలని గాని, వదిలిపోవుటయే మేలని గాని ఇంట్లో కూర్చొని తీర్పు చెప్పుటకు వీలులేదు.

ఈ పిల్లల ధైర్యము మీద శాస్త్రజ్ఞులు చేసిన పని ఒకటి మాకు బాగా నచ్చినది. హవాయి దీవులలో కవాయి అను చిన్న ద్వీపమున్నది. చెరకుతోటల కూలికై జపాను, ఫిలిప్పీన్సు మొదలైన దేశాల నుండి వలస వచ్చినవారి సంతతి అక్కడ ఎక్కువ. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అను ఆమె, తోటివారు కలిసి నలుబది ఏండ్లు వచ్చేవరకు కనిపెట్టి చూచినారు. పేదరికము, ఇంట్లో జబ్బు, తగవులు ఇట్టివి ఒకటికి నాలుగు ఉన్న పిల్లలు వారిలో రెండువందలకు పైగా. వారిలో ఇంచుమించు మూడింట ఒకవంతు చక్కని మనుషులైనారు. వారి బ్రతుకులలో ఏమున్నదని వెదకగా తరచుగా కనిపించినది ఏమంటే, ఆ పిల్లను విడువని మనిషి ఒక్కరైన ఉండుట. తల్లి తండ్రే కానక్కరలేదు. తాత, అవ్వ, పినతల్లి, పొరుగామె, పంతులు ఎవరైనను సరే. రెండవది, ఆ పిల్లలు ఇంటికి నిజముగా అక్కరకు వచ్చే పని ఏదో చేసేవారట. మా వాడి మందుల చీటీ, ఆ పిల్ల పిడికెడు బియ్యము మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినవి.

అయితే ఇది విని, "చూచినారా, వదిలిపోతేనే పిల్లలు గట్టిపడుదురు" అని ఎవరైన ఇంటికి పోయి చెప్పుకొంటారేమోనని మాకు భయము. 2018లో లాన్సెట్ అను వైద్యపత్రికలో 111 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినారు. మొత్తము 2,64,967 మంది పిల్లల లెక్క. అందులో ఎక్కువ భాగము చైనా దేశపు పల్లెలది. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లలలో దిగులు, ఆందోళన, చచ్చిపోదామను తలంపు మిగిలిన పిల్లలకంటె ఎక్కువని, ఎదుగుదల కూడ కొంత తగ్గునని తేలినది. వలసపోయిన తల్లిదండ్రులు డబ్బు పంపుదురు కదా, దానివలన పిల్లల ఆరోగ్యానికి ఏమైన లాభము కనిపించినదా అంటే, కనిపించలేదు.

ఆ పన్నెండేండ్ల పిల్ల కథ తిరిగి వచ్చుటతో ముగియలేదు. మే నెలలో తల్లిదండ్రులు వచ్చినారు. ఆ పిల్ల నవ్వలేదు, ఏడ్వలేదు. తల్లి పొయ్యి దగ్గరకు పోబోతే, "నీకు ఎక్కడ ఏమున్నదో తెల్వదు, నువ్వు కూసో" అన్నదట. తమ్ముడు తల్లి ఒడిలో కూర్చుంటే కోపము. తల్లి కొనితెచ్చిన రిబ్బను కట్టుకోలేదు. తల్లి మా అమ్మ దగ్గరకు వచ్చి, "నా బిడ్డ నాకు అత్తయింది" అని ఏడ్చినది. అందరును ఆ పిల్లను మెచ్చుకొన్నారు, ఇల్లు నిలబెట్టినదని. ఆ మెప్పే దానికి బరువైనది. మా అమ్మ ఏమి చేసినదంటే, నెలరోజులు ప్రతి మధ్యాహ్నము ఆ పిల్లను పిలిచి తల దువ్వి పేలు చూచేది. ఏమియు అడిగేది కాదు. ఒకనాడు అది మా అమ్మ మోకాలి మీద తల పెట్టుకొని గంటసేపు ఏడ్చినదట. ఇప్పుడు పెద్దదయినది, కుట్టుపని చేస్తున్నది. ఆమె పేరు ఇక్కడ చెప్పము.

అసలు పోవలసిన అవసరమే లేకుంటే ఈ ప్రసంగము ఎందుకు అని మీరనవచ్చును. నిజమే. మన జిల్లాలోనే ధానోరా తాలూకాలో మేంఢా-లేఖా అను పల్లెకు 2009లో అడవిపై సామూహిక హక్కు వచ్చినది. 2011 నుండి ఆ గ్రామసభ తన వెదురును తానే అమ్ముకొన్నది. ఊళ్ళో కూలి దొరికితే తల్లి ఊళ్ళో ఉండును. దానిని గురించి మాకంటె తెలిసినవారు వేరొక సభలో చెప్పవలెను. మేము ఈ సంవత్సరము పోబోయేవారిని గురించియే మాట్లాడుతున్నాము.

మనలో కూలీలను కూడగట్టే మేస్త్రీలున్నారు. వారిని నొప్పించుట మా ఉద్దేశము కాదు, వారికిని పిల్లలున్నారు. ఒక్క మాట మాత్రము అడుగుతాము. ఉగాదికి తెస్తామని చెప్పి, ఆవల కాత ఎక్కువున్నదని ఇరువది రోజులు ఆపినప్పుడు, ఆ సంగతి తోటయజమానికి, కూలికి తెలుసును. ఇక్కడి పిల్లకు తెలియదు. ఆ పూటే ఊరికి ఒక ఫోను చేయించండి.

తల్లిదండ్రులకు మేము చెప్పగలిగినది మా తప్పు నుండి నేర్చినదే. మెలకువగా ఉన్నప్పుడు చెప్పి పొండి. ఏడ్వనివ్వండి. ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు అన్నది పిల్లకు అర్థమయ్యే మాటలలో చెప్పండి. తేదీ తెలియకుంటే తెలియదనండి, ఫలానా వారము ఫోను చేసి చెప్తామనండి. ఆ వారము చేయండి. ఫోనులో "బడికి పోతున్నావా, అల్లరి చేస్తున్నావా" అని మాత్రమే అడిగి పెట్టివేయకండి. ఏమి తిన్నావు, ఎవరితో ఆడినావు, రాత్రి ఎవరి పక్కన పడుకొన్నావు అని అడగండి. వెంట తీసుకొనిపోయేవారు కూడ తెలుసుకోవలెను: 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము బదిలీ సర్టిఫికెట్టు ఆలస్యమైనదని చెప్పి ఏ ప్రభుత్వ బడియు పిల్లను చేర్చుకొనకుండ ఉండరాదు.

ఇక మన సంఘమునకు మా విన్నపము. సంఘము గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను పెట్టండి. సంక్రాంతి నుండి ఉగాదివరకు ప్రతి ఆదివారము సాయంత్రము ఒక గంట. తల్లిదండ్రులు ఆవల ఉన్న పిల్లలు, మన పిల్లలే కాదు, ఏ భాషవారైనను, వచ్చి మాట్లాడుకొని పోవలెను. ఫోను కలవకుంటే తిరిగి ప్రయత్నించుటకు ఒక పెద్ద మనిషి అక్కడ కూర్చోవలెను. ఆ మనిషి ప్రతివారము అదే మనిషి కావలెను. చందా ఎంత కావలెనో మేము లెక్క వేసి కార్యదర్శిగారికి ఇచ్చినాము. పులిహోర ఖర్చుకంటె తక్కువే. పిల్ల తినుట మానినా, చచ్చిపోతానన్న మాట అన్నా తేలికగా తీసుకోకండి. 2022లో ప్రభుత్వము పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 పగలు రాత్రి పలుకుతుంది, తెలుగులోను మరాఠీలోను మాట్లాడవచ్చును. పిల్లల ఆపదకు 1098 ఉన్నది. ఈ రెండు నంబర్లు గది తలుపు మీద వ్రాయించండి.

మా వాడు ఇప్పుడు మా దగ్గరనే బల్లార్షాలో చదువుకొంటున్నాడు. తల్లి ఆరోగ్యము కుదుటపడినది. వాడికి కోపమున్నదో లేదో మాకు తెలియదు, అడిగితే నవ్వును. మేము డ్యూటీకి బయలుదేరితే ఈనాటికిని "ఏ బండికి వస్తవు?" అని అడుగును. చెప్తాము. ఆలస్యమైతే ఫోను చేస్తాము. ఈ ప్రసంగము వ్రాసిన తరువాత, నీ సంగతి నలుగురిలో చదవవచ్చునా అని వాడికి చదివి వినిపించినాము. మొత్తము విన్నాడు. పేరు చెప్పవద్దన్నాడు. ఒక్కచోట మాత్రము దిద్దినాడు: ఆలాపల్లి బస్సు వచ్చేది ఐదు గంటలకు కాదట, ఐదుంబావుకట.